కూలి త్రవ్వకానికా, నీటికా? అనంతపురం నేలపై పని ఒప్పందాల చరిత్ర



ఈ వారం మేము ఎన్నుకున్న విషయం కొందరికి మింబరుకు తగనిదిగా తోచవచ్చు. పని చేయించుకునేవాడికీ చేసిపెట్టేవాడికీ మధ్య జరిగే ఒప్పందం గురించి, మన అనంతపురం నేలపై దాని చరిత్ర గురించి మాట్లాడదలిచాము. నమాజు, రోజా, జకాత్‌ల గురించి వినవచ్చిన చోట బోరు బండి ప్రస్తావన ఏమిటని అడిగేవారికి ఒక్క సంగతి గుర్తుచేస్తాము. దివ్య ఖుర్ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అల్ బఖరా సూరాలోని 282వది. అప్పు లావాదేవీని ఎలా వ్రాసిపెట్టుకోవాలో, ఎవరు వ్రాయాలో, ఎవరు చెప్పి వ్రాయించాలో, సాక్షులుగా ఎవరుండాలో అందులో ఉంది. అల్ మాయిదా సూరా మొదలయ్యేదే విశ్వాసులు తమ ఒప్పందాలను నెరవేర్చాలన్న ఆజ్ఞతో. కనుక ఈ విషయం మింబరుకు పరాయిది కాదు.

మన ప్రాంతంలో సంవత్సరానికి సగటున కురిసే వాన సుమారు 550 మిల్లీమీటర్లు. నైరుతి మేఘాలను పడమటి కనుమలు ఆపివేస్తాయి. ఈశాన్య మేఘాలు మనదాకా వచ్చేసరికి కోస్తాలోనే చాలావరకు ఖాళీ అవుతాయి. పెన్న, చిత్రావతి, వేదవతి పేరుకు నదులే గాని ఏడాదిలో ఎక్కువ దినాలు ఇసుక బాటలు. ఇట్టి నేలపై ఏ రైతూ ఒంటరిగా నీళ్ళు తెచ్చుకోలేడు. చెరువు కట్టాలన్నా, బావి త్రవ్వాలన్నా, బోరు వేయాలన్నా మరొకరి చేతిని, మరొకరి పనిముట్టును కూలికి తీసుకోవలసిందే. అందుచేత ఇక్కడి నీటి చరిత్రను తిరగేస్తే ప్రతి పుటలోనూ ఒక ఒప్పందం కనిపిస్తుంది. ఆ ఒప్పందాలన్నిటి అడుగునా ఉన్న ప్రశ్న ఒక్కటే: ఇచ్చే సొమ్ము త్రవ్వినందుకా, నీళ్ళు వచ్చినందుకా?

అనంతపురం ఊరు పుట్టిందే ఒక చెరువుతో. 14వ శతాబ్దంలో విజయనగర ప్రభువు మొదటి బుక్కరాయల కాలంలో ఆయన అధికారి చిక్కప్ప ఒడయరు పండమేరుకు అడ్డుకట్ట వేయించి పెద్ద చెరువు కట్టించాడని, కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, మరొక కొసన అనంతసాగరం వెలిశాయని స్థానిక చరిత్ర చెబుతుంది. పొరుగున కడప జిల్లా పోరుమామిళ్ళలో బుక్కరాయల కుమారుడు భాస్కరుడు కట్టించిన చెరువు దగ్గర 1369 నాటి శాసనం ఉంది. దాని వివరం చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. దినానికి వేయిమంది కూలీలు, రాళ్ళు మోయడానికి నూరు బండ్లు, రెండేండ్ల పని. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలేవో, చెరువును చెరిచే ఆరు దోషాలేవో కూడా ఆ రాతిపై చెక్కించారు. పని అంటే ఏమిటో, పాడైన పని అంటే ఏమిటో ముందుగా చెప్పి అందరికీ కనబడేటట్లు నిలబెట్టడం ఆనాటివారికి తెలుసు. నేడు ఇల్లు కట్టించేవారిలో ఎందరు పన్నెండు గుణాలు గాని, ఆరు దోషాలు గాని కాగితం మీద పెట్టిస్తున్నారు?

అయితే రాజు స్వయంగా కట్టించినవి కొన్నే. ఊళ్ళలోని చిన్నా పెద్దా చెరువులు కట్టడానికి, తెగిన కట్టలను పూడ్చడానికి ఈ ప్రాంతంలో మరొక పద్ధతి నడిచింది. దాని పేరు దశబంధం. శాసనాలలో దశవందం అని కూడా కనిపిస్తుంది. కన్నడ నేలపై ఇటువంటి ఏర్పాటునే కట్టుకొడగె అన్నారు. ఎవడైనా తన సొమ్ముతో, తన మనుషులతో చెరువు కడితే, లేక పాడుబడిన చెరువును బాగుచేస్తే అతనికి రొక్కం ముట్టజెప్పి పంపివేసేవారు కారు. ఆ చెరువు క్రింద సాగయ్యే భూమిలో కొంత పన్ను లేకుండా అతనికీ అతని వారసులకూ ఇచ్చేవారు. పేరును బట్టి అది పదవ వంతు. ఆచరణలో ఊరిని బట్టి, పనిని బట్టి వాటా మారేది. ఫలానా పొలం ముక్క అని హద్దులు చూపి ఇస్తే ఖండ దశబంధం. చెరువు క్రింది మొత్తం రాబడిలో వాటాగా ఇస్తే షామిలాత్ దశబంధం. సంస్కృతపు దశబంధానికి మన అరబీ, ఫారసీల షామిలాత్ విశేషణమై రెవెన్యూ దస్త్రాలలో పక్కపక్కన కూర్చోవడం ముచ్చటైన విషయం. ఈ మండలం ఎన్ని పాలనలను చూసిందో ఆ ఒక్క మాటే చెబుతుంది.

ఈ ఒప్పందంలోని న్యాయాన్ని కాస్త నిదానంగా చూడండి. చెరువు నిండితే కట్టినవాడి పొలమూ పండుతుంది. కట్ట తెగితే మొదట ఎండేది అతని మడే. కనుక కట్టకు గండి పడనున్నదని తెలిసిన రాత్రి అతణ్ణి లేపడానికి ఎవరూ పోనక్కరలేదు. పైగా ఆ భూమి ఊరికే ఇచ్చిన బహుమానం కాదు. చెరువును ఎప్పటికప్పుడు బాగుచేస్తూ ఉండాలన్న షరతు దాని వెంటనే ఉండేది. షరతు తప్పితే ఇనామును వెనక్కి తీసుకునే హక్కు సర్కారుకు ఉండేది. కట్టినందుకు ఒక ఫలం, కాపాడుతున్నంత కాలం అదే ఫలం. నేటి మాటలలో చెప్పాలంటే నిర్మాణపు ఒప్పందం, నిర్వహణ ఒప్పందం ఒకే కాగితంలో ఇమిడిపోయాయి.

లోపం లేదా అంటే ఉంది. వాటా వారసులకు పోయింది గాని శ్రద్ధ వారసులకు పోలేదు. రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ భూమి అన్నదమ్ముల మధ్య పంపకమై, ఏ ముక్కవాడు ఎంత మట్టి వేయాలన్నది తేలని స్థితి వచ్చింది. చాలాచోట్ల భూమి మిగిలింది, సేవ పోయింది. ఎంత కాలానికో, ఎవరెవరి మీదనో తేల్చకుండా చేసిన షరతు ఎంత మంచిదైనా చివరకు అరిగిపోతుంది. బుక్కరాయసముద్రం చెరువుకు గండి పడినప్పుడు ఊరి కోసం ఒక ఇంటి కోడలు ప్రాణమిచ్చిందన్న ముసలమ్మ కథ ఇక్కడ ప్రసిద్ధం. కట్టమంచి రామలింగారెడ్డి 19వ శతాబ్దం చివర దానిని కావ్యంగా వ్రాశారు. కథను కథగానే చూస్తాము. నరబలితో గండ్లు పూడుతాయని మా విశ్వాసం ఒప్పదు. కాని ఆ కథ వింటున్నప్పుడల్లా మాకు తోచేది ఒకటే: కట్ట మరమ్మతు ఎవరి పూచీ అని తేలని చోట చివరకు మూల్యం చెల్లించేది ఆ ఒప్పందంలో సంతకమే లేని మనిషి.

1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి అప్పగించాడు. దత్త మండలాలు అన్న పేరు అందువల్లనే వచ్చింది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 వరకు ఇక్కడ పనిచేశాడు. కొత్త చెరువులకు అనువైన చోటు దాదాపు మిగలలేదని, అనువైన ప్రతి చోటా పూర్వులే కట్టేశారని ఆయన అభిప్రాయం. 1858లో మదరాసు ప్రభుత్వం ఇనాం కమిషన్‌ను నియమించి ఒక్కొక్క ఇనాముకూ హక్కు ఏమిటి, దాని వెనుక సేవ ఏమిటి అని విచారణ సాగించింది. అదే 1858లో చేసిన మొదటి చట్టం, చెరువులకు ప్రమాదం వచ్చినప్పుడు ఊరివారిచేత నిర్బంధంగా పని చేయించే అధికారం ఇచ్చింది. ఇష్టపూర్వకమైన ఒప్పందం సడలిన చోట నిర్బంధం వచ్చి కూర్చుంటుందని చెప్పడానికి ఇంతకంటె వేరే సాక్ష్యం అక్కరలేదు.

క్రమంగా ప్రభుత్వ పనుల శాఖ, గుత్తేదారు, అంచనా, కొలతల పుస్తకం వచ్చాయి. మట్టిపనికి ఘనపు కొలతన కూలి. గుంత నడుమ త్రవ్వకుండా ఒక మట్టి దిమ్మను నిలబెట్టి, దాని ఎత్తు చూసి ఎంత లోతు త్రవ్వారో లెక్కకట్టడం మట్టిపనివారందరికీ తెలిసిన పద్ధతి. కరువు పనులలో మనమూ చూశాము. ఆ దిమ్మ ఇద్దరి మధ్య నిలిచిన మూగసాక్షి. కూలివాడికి అది మేలు చేసింది, కాదనము. తన చెమటకు లెక్క వచ్చింది. కాని గుత్తేదారు సంగతి వేరు. బిల్లు పాసైన రోజుతో అతనికీ చెరువుకూ బంధం తెగిపోయింది. మరుసటి వానకు కట్ట నిలిచినా, కొట్టుకుపోయినా అతని మడి ఏదీ ఆ చెరువు క్రింద లేదు. దశబంధంలో ఫలితానికి ముడిపడిన ప్రతిఫలం ఇక్కడ పూర్తిగా పనికి ముడిపడింది.

ఇదే కాలంలో ఒప్పందపు మరొక ముఖాన్ని కూడా ఈ నేల చూసింది. 1876 నుంచి 1878 దాకా సాగిన ధాత కరువు నాటికి అనంతపురం ఇంకా బళ్ళారి జిల్లాలో భాగం. జిల్లాగా ఏర్పడింది 1882లో. కరువు పనులకు వచ్చిన వయోజనుడికి దినకూలిగా ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. ఆ తిండితో మనిషి బరువు పని చేయలేడని మదరాసు ఆరోగ్యశాఖాధికారి డాక్టర్ కార్నిష్ గట్టిగా వాదించాడు. పనికి వచ్చినవాడు ఆ కూలికి తలూపాడు గనుక అది ఒప్పందమే అని లెక్కలవాడు అనవచ్చు. అన్ నిసా సూరా 29వ ఆయత్ పరస్పర అంగీకారంతో జరిగే వ్యాపారాన్ని అనుమతిస్తూ అన్యాయంగా ఒకరి సొమ్ము ఒకరు తినడాన్ని నిషేధించింది. ఆకలితో చచ్చేవాడి తలూపు ఆ అంగీకారపు లెక్కలోకి వస్తుందా? ఈ ప్రశ్నను గుర్తుపెట్టుకోండి. బోరు బండి దగ్గర దీనితో మళ్ళీ పని పడుతుంది.

పనికి కూలియా, ఫలితానికి కూలియా అన్న చర్చ మన ఫుఖహాలకు కొత్తది కాదు. అసలు కూలి ఒప్పందానికి ఖుర్ఆన్ చూపే ఉదాహరణ అల్ ఖసస్ సూరాలో ఉంది. హజ్రత్ మూసా (అలైహిస్సలాం) మద్‌యన్ చేరినప్పుడు ఆ ఇంటి కుమార్తె ఆయనను పనిలో పెట్టుకొమ్మని తండ్రికి చెప్పింది. ఆయన బలవంతుడు, నమ్మదగినవాడు అన్నది ఆమె చూపిన కారణం. తండ్రి ఎనిమిదేండ్లు అన్నాడు. పదేండ్లు చేస్తే అది నీ ఔదార్యం, నిన్ను కష్టపెట్టడం నా ఉద్దేశం కాదు అన్నాడు. ఆ రెండు గడువులలో ఏది పూర్తి చేసినా తనపై ఒత్తిడి ఉండరాదని మూసా (అలై) మాట తీసుకున్నారు. ఆయన ఎక్కువ గడువునే పూర్తి చేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పినట్లు బుఖారీలో ఉంది. బాధ్యత ఎంత, ఔదార్యం ఎంత అన్నది మొదటి రోజునే వేరుచేసి చెప్పుకున్న ఒప్పందం ఇది. మేస్త్రీతో ఇంటిపని మాట్లాడుకునేటప్పుడు ఈ రెండూ కలిసిపోయినందువల్లనే తగాదాలు వస్తున్నాయి. మెట్ల క్రింద చిన్న గది, ప్రహరీకి మరో రెండు వరుసల ఇటుకలు యజమాని దృష్టిలో మేస్త్రీ ఔదార్యం, మేస్త్రీ దృష్టిలో అదనపు పని. కదిరిలోనూ తాడిపత్రిలోనూ గల్ఫ్ సొమ్ముతో లేచే ఇళ్ళ దగ్గర ఇట్టి పంచాయితీలు విననివారు లేరు. ఇద్దరూ అబద్ధాలాడేవారు కారు. ఇద్దరూ ఒకే మాటలో రెండు వేర్వేరు ఒప్పందాలు విన్నారు.

హిజ్రత్ సమయాన దైవప్రవక్త (సల్లం), హజ్రత్ అబూబక్ర్ (రజి) దారి చూపేందుకు అబ్దుల్లాహ్ బిన్ ఉరైఖిత్‌ను కూలికి పెట్టుకున్నారు. అతడు అప్పటికి ఖురైషుల మతంలోనే ఉన్నాడు. రెండు ఒంటెలను అతనికి అప్పగించి, మూడు రాత్రుల తర్వాత సౌర్ గుహ దగ్గరకు తీసుకురమ్మన్నారు. తలకు వెలకట్టి వెతుకుతున్న వేళ ఆ మనిషి చేతిలో ప్రాణాలే పెట్టారు. పని ఏదో, చోటు ఏదో, సమయం ఏదో స్పష్టంగా చెప్పారు. అతడు మాట తప్పలేదు. ఇమామ్ బుఖారీ దీనిని కూలి ఒప్పందాల అధ్యాయంలో చేర్చడం గమనించదగినది. పనివాడిలో చూడవలసినవి నైపుణ్యం, నమ్మకం. మన బస్తీలో మోటారు రివైండింగ్ చేసేవాడు ఎవడైనా, బోరు బండి డ్రైవరు ఎవడైనా ఇదే కొలత.

ఇక బావి సంగతికి వద్దాము. ఫతావా ఆలంగీరీ వంటి హనఫీ గ్రంథాలలో బావులు, సమాధులు త్రవ్వించే కూలి గురించి విడిగా చర్చ ఉంది. మదరసాలో చదివేనాడు ఆ పుటలు పొడిగా తోచినా, అనంతపురంలో నివసించేవాడికి అవి తన ఊరి కోసమే వ్రాసినట్లుంటాయి. బావి త్రవ్వే ఒప్పందంలో చోటు చూపాలి, లోతు చెప్పాలి, వెడల్పు చెప్పాలి. కొంత త్రవ్విన తర్వాత గట్టి రాయి తగిలితే? బావులు త్రవ్వే మామూలు పనిముట్లతో ఆ రాతిని ఛేదించగలిగితే పనివాడు చేయవలసిందే, రాయి వచ్చిందని వదలి పోరాదు. ఆ పనిముట్లకు లొంగని రాయి అయితే అతణ్ణి బలవంతపెట్టరాదు. యజమాని సొంత స్థలంలో త్రవ్వుతుండగా బావి మధ్యలో కూలిపోతే? అంతవరకు త్రవ్విన మేరకు కూలి ఇవ్వాలి. ఎందుకంటే యజమాని భూమిలో త్రవ్విన ప్రతి మూరా త్రవ్విన క్షణమే యజమాని వశమైనట్లు లెక్క. శతాబ్దాల క్రితం మన ఫుఖహా బండరాయి షరతును ముందుగా ఊహించారు. నేడు మన బోరు కాగితాలలో, కాగితమంటూ ఉంటే, ఆ షరతు కనిపించదు.

చేసే పనివల్ల నష్టం జరిగితే ఎవరి పూచీ అన్నది మరొక చర్చ. హిజ్రీ 593లో మరణించిన ఇమామ్ మర్గీనానీ తన హిదాయాలో, ఒక్కరికే గాక పలువురికి పనిచేసే చేతిపనివాడి గురించి వ్రాశారు. బట్ట బాదుతుండగా చాకలి చేతిలో చినిగితే, మోసేవాడు జారిపడితే, బరువు కట్టిన త్రాడు తెగితే ఆ నష్టం అతనిదే, ఎందుకంటే అది అతని పనివల్లనే జరిగింది. తన చేతిపని లేకుండానే వస్తువు పోతే మాత్రం అభిప్రాయభేదం ఉంది. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) పూచీ లేదన్నారు. ఆయన శిష్యులిద్దరూ, ఊరంతా తగలబడే మంటవంటి తప్పించుకోలేని ఆపదకు తప్ప మిగతా వాటికి పూచీ ఉందన్నారు. బావిలోకి దింపిన మోటారు త్రాడు తెగి లోపలే ఉండిపోతే ఎవరు భరించాలని అడిగేవారు ఈ పుటలు చదవాలి.

నీళ్ళు పడితేనే డబ్బు అన్న ఒప్పందానికి ఫిఖ్హ్‌లో జుఆలా అని పేరు. యూసుఫ్ సూరాలో రాజు పాత్రను తెచ్చిచ్చినవాడికి ఒంటె మోతంత ధాన్యం ప్రకటించడం దీనికి మూలం. నీళ్ళు పడేవరకు బావి త్రవ్వించడం మాలికీ ఫుఖహా చెప్పే ప్రసిద్ధ ఉదాహరణ. తేలు కుట్టిన ఒక తెగ నాయకుడికి దుఆ చదివి నయమైతే గొర్రెల మంద తీసుకుంటామని సహాబాలు మాట్లాడుకోవడం, దైవప్రవక్త (సల్లం) దానిని ఆమోదించడం అబూ సయీద్ (రజి) ఉల్లేఖనంలో ఉంది. హనఫీ మజ్‌హబ్‌లో మాత్రం పని ఎంతో తెలియదు గనుక దీనిని సామాన్యంగా అనుమతించలేదు. నేటి ఆలిములలో కొందరు అవసరాన్ని చూసి సమ్మతిస్తున్నారు. మా ఉద్దేశం ఇక్కడ ఫత్వా చెప్పడం కాదు. కూలి వేరు, జుఆలా వేరు అని మన పెద్దలు గీత గీశారన్నది చూపడమే. మొదటిదానిలో పని జరిగితే సొమ్ము ఇవ్వాలి, నీళ్ళు పడినా పడకపోయినా. రెండవదానిలో ఫలితం లేకపోతే పైసా అడగరాదు, ఎంత లోతు త్రవ్వినా.

గత అర్ధ శతాబ్దంలో చెరువులు పూడిపోయి, బావులు ఎండి, మన నేల అంతటా బోరు బండ్లు తిరిగాయి. వాటిలో ఎన్నో తమిళనాడులోని తిరుచెంగోడు నుంచి వచ్చినవే. మన అడుగున ఉన్నది గ్రానైటు, నైసు వంటి గట్టి శిల. నీళ్ళు దాని పగుళ్ళలో మాత్రమే ఉంటాయి. పగులు తగిలితే నీళ్ళు, తగలకపోతే దుమ్ము. పది గజాల దూరంలో ఒక బోరు పోస్తుంటే మరొకటి ఎండి ఉండడానికి కారణం ఇదే. ఇందుచేతనే బండివాడు అడుగుకు ఇంత అని మాట్లాడుకుంటాడు. అతని డీజిలు, అతని మనుషుల జీతాలు, అరిగిపోయే బిట్టు నీళ్ళు పడకపోయినా ఖర్చయ్యేవే. అడుగు లెక్కన కూలి తీసుకోవడంలో తప్పులేదు, అది శుద్ధమైన ఇజారా. బండివాణ్ణి దోచుకునేవాడని తిట్టేవారితో మేము ఏకీభవించము.

తప్పు మరొక చోట జరుగుతుంది. మాట్లాడేటప్పుడు జుఆలా మాటలు, వసూలు చేసేటప్పుడు ఇజారా లెక్కలు. పాయింటు చూసేవాడు టెంకాయ అరచేతిలో నిలబెట్టి మూడంగుళాల నీళ్ళు ఖాయమంటాడు. ఏజెంటు తలూపుతాడు. అర్ధరాత్రి బండి వస్తుంది. మూడువందల అడుగులు దాటాక రేటు మారుతుందన్న మాట దుమ్ము లేచిన తర్వాత బయటపడుతుంది. కేసింగ్ పైపు ఎన్ని అడుగులు దిగిందో, అది ఎవరి లెక్కలోదో ఎవరూ ముందుగా చెప్పలేదు. అక్కడ ఎండుతున్న చీనీ తోట ఉంది, పదేండ్లు బిడ్డల్లా పెంచిన చెట్లు. ఇంకో వంద అడుగులు పోదామా అని ఆ వేళలో అడిగితే రైతు ఏమంటాడు? ఆ తలూపు ధాత కరువునాటి కూలివాడి తలూపుకు చుట్టమే. అందుకే ఎంత లోతు దాకా అన్న మాట పగటి వెలుగులో, బండి రాకముందే, ఇంట్లోవారితో కూడా ఆలోచించి తేల్చుకోవాలి. బండి పక్కన నిలబడి తేల్చుకునేది కాదు అది.

ఈ లోతు పోటీని చూసే ప్రభుత్వం 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం తెచ్చింది. వాల్టా అని పిలుస్తున్నాము. బావులకు అనుమతి, బోరు బండ్లకు రిజిస్ట్రేషన్ దానిలో ఉన్నాయి. బండి నమోదైనదా అని అడగడం రైతు హక్కు. 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలో జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం మొదలైంది. దేశమంతటికీ వర్తించిన ఆ చట్టం తన పనులలో గుత్తేదారుకు చోటే లేకుండా చేసింది, కూలి పదిహేను రోజులలోగా అందాలని గడువు పెట్టింది. మధ్యవర్తి చేతిలో మస్టరు రోలు ఉంటే కూలివాడికి ఏమి మిగులుతుందో కరువు పనులలో చూసిన నేల మనది. ఆ చట్టం ఇక్కడ ప్రారంభం కావడం తగినదే.

దేశపు చట్టం కూడా మన పక్షాన కొంత ఉంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ఇష్టపూర్వక అంగీకారం లేనిదే ఒప్పందం లేదంటుంది, మాట తప్పినందువల్ల కలిగిన నష్టానికి పరిహారం ఇమ్మంటుంది. వినియోగదారుల రక్షణ చట్టం 1986లో వచ్చి 2019లో కొత్త రూపు దాల్చింది. ఇళ్ళ నిర్మాణమూ దాని క్రింద సేవయేనని 1993లో లక్నో అభివృద్ధి సంస్థ కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సొంత శ్రమతో బ్రతికే రైతు తన జీవనోపాధి కోసం సేవ కొనుక్కుంటే అతడూ వినియోగదారుడే. జిల్లా కమిషన్ దగ్గరకు పోవచ్చు. అయితే పోయినవాడిని వారు అడిగే మొదటి మాట రసీదు ఏదని. మన చేతిలో ఉండేది మాత్రం సెల్ ఫోనులో ఒక నంబరు, పొగాకు అట్ట వెనుక వ్రాసిన నాలుగు అంకెలు.

ఇంతవరకు చేయించుకునేవాడి తరఫున మాట్లాడాము. మన జమాఅత్‌లో వెల్డింగ్ చేసేవారు, ఎలక్ట్రీషియన్లు, మేస్త్రీలు, బండ్ల మీద పనిచేసే కుర్రవాళ్ళు ఎక్కువ. వారి గోడు వేరు. పని అయిపోతుంది, చివరి బాకీ మిగిలిపోతుంది. రేపు రా, జుమా తర్వాత రా, పంట అమ్మాక రా. పని పూర్తిగా తీసుకుని కూలి ఇవ్వనివాడికి ప్రళయదినాన ప్రతివాదిగా నిలబడేది తానేనని అల్లాహ్ చెప్పినట్లు బుఖారీ హదీసులో ఉంది. ఇవ్వగలిగి ఉండి ఆలస్యం చేయడాన్ని దైవప్రవక్త (సల్లం) జుల్మ్ అన్నారు. నీళ్ళు పడలేదన్న దుఃఖంతో అడుగు లెక్కన మాట్లాడుకున్న కూలిని ఆపేవాడు తన నష్టాన్ని మరొకడి పిల్లల కంచం మీదకు నెట్టుతున్నాడు. నష్టం నిజమే, దుఃఖం నిజమే, కాని ఆ రాత్రి బండి మీద నిలబడిన కుర్రవాడు నీటిని అమ్మలేదు, తన చేతులను అమ్మాడు.

కాగితం పెద్దది కానక్కరలేదు. సగం తావు చాలు, ఇద్దరికీ చదవ వచ్చిన భాషలో ఉంటే చాలు. అల్ బఖరా ఆయత్‌లో ఒక సూక్ష్మం ఉంది. చెప్పి వ్రాయించవలసింది బాకీ ఎవరి మీద ఉందో అతడు. ఇవ్వవలసినవాడే తన నోటితో ఇంత ఇవ్వాలని చెప్పాలి. చెప్పలేని బలహీనుడైతే అతని తరఫువాడు న్యాయంగా చెప్పాలి. వ్రాసేవాడికి గాని సాక్షికి గాని హాని చేయరాదు. పని ఒప్పందంలో బాకీ ఇద్దరి మీదా ఉంటుంది, ఒకడి మీద సొమ్ము, మరొకడి మీద పని. కనుక రైతు చెప్పి వ్రాయించాలి: అడుగుకు ఇంత, ఇంత లోతు దాకా, ఆ పైన ఇంత, ఫలానా రోజులోగా ఇస్తాను, నీళ్ళు పడకపోయినా ఇస్తాను, లేదా పడితేనే ఇస్తాను. బండివాడు చెప్పి వ్రాయించాలి: ఫలానా చోట, ఇంత వెడల్పు, కేసింగ్ ఇన్ని అడుగులు, రాడ్లు దిగుతున్నప్పుడు రైతు మనిషి పక్కన నిలబడి లెక్కపెట్టవచ్చు, మధ్యలో బిట్టు ఇరుక్కుంటే ఎవరి ఖర్చు, బండరాయికి మా బండి లొంగకపోతే ఎక్కడ ఆపుతాము, అక్కడివరకు ఎంత తీసుకుంటాము.